సామ్రాజ్యమ్మ చూసిన బూజు

హిమజకి ఉన్న బాధల్లా ఒక్కటే. ఆమెకి అరుదైన జబ్బు ఒక్కటీ దొరకటం లేదు.

నవ్వకండి. ఎవరి బాధ వాళ్లకి బరువే. ఆడవాళ్లకొచ్చే క్యాన్సర్ల గురించి చదివిన పిల్ల ఆమె. లావుపాటి పుస్తకాల్లో చిట్టచివరి అధ్యాయాలుంటాయే, పరీక్ష దగ్గర పడుతుంటే మిగతావాళ్లంతా దేవుడి మీద భారం వేసి వదిలేసేవి, వాటిని కామాలతో సహా కంఠతా పట్టింది. అట్లాంటి పిల్ల ఒంగోలు దాటాక, సముద్రపు గాలికి కిటికీ ఊచలన్నీ తుప్పు పట్టిన ఒక పాత మిషన్ ఆసుపత్రిలో వచ్చి పడింది. ఇక్కడికి వచ్చేవన్నీ మొదటి అధ్యాయాలే. పొద్దున గర్భసంచి ముఖద్వారం. మధ్యాహ్నం మళ్లీ గర్భసంచి ముఖద్వారం. ఎప్పుడైనా మార్పు కోసమన్నట్టు ఒక అండాశయం.

మరి ఇక్కడికెందుకొచ్చినట్టు? దీవెనమ్మ గారి కోసం.

డాక్టర్ దీవెనమ్మ గారికి డెబ్భై దాటాయి. ఆవిడ చెయ్యి పడితే క్యాన్సర్ తన ఊరూ పేరూ చెప్పేస్తుందని డాక్టర్లలో ప్రతీతి. ఆవిడ దగ్గర నేర్చుకోవాలని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వచ్చాక తెలుస్తుంది, ఆవిడ ఏమీ చెప్పదని. పాఠం లేదు, ప్రసంగం లేదు. మారీ బిస్కెట్ టీలో ముంచుకుని, అది విరిగి పడేలోపు నోట్లో పెట్టుకోవటం ఒక్కటే ఆవిడ శిష్యులందరికీ నేర్పకుండా నేర్పిన విద్య.

ఇంకొకటి కూడా ఉంది. పరీక్ష గదిలో టేబుల్ చుట్టూ ఒక ఆకుపచ్చ కర్టెన్ ఉంటుంది. పేషెంటు లోపలికి వెళ్లి, బట్టలు సర్దుకుని పడుకున్నాక ఆవిడ కర్టెన్ ఇవతల నిలబడి, "రావచ్చా అమ్మా?" అని అడుగుతుంది. రమ్మంటేనే వెళుతుంది. తన ఆసుపత్రిలో, తన గదిలో, తన పేషెంటు దగ్గరికి! ఒక్కోసారి లోపలామె మాట్లాడదు. ఈవిడ కదలదు. బయట వరండాలో జనం బారులు తీరి ఉంటారు. హిమజకి కాళ్ల కింద చీమలు పాకినట్టుండేది.

"పెద్దతనం," అనుకునేది. మంచి పిల్ల కాబట్టి పైకి అనేది కాదు.

ఒకరోజు మాత్రం ఉండబట్టలేక అడిగేసింది. "మేడమ్, నేను చదివిన వాటిలో సగం ఇంతవరకు కంటితో చూడలేదు. ఇక్కడికి అరుదైనవి రావా?"

దీవెనమ్మ గారు బిస్కెట్ ముంచింది. "వచ్చేవన్నీ అవేగా."

హిమజ ఆ జవాబుని చెవి దగ్గరే ఆపేసింది.

*

అడిగిన కొన్నాళ్లకే వచ్చింది. జబ్బు కాదు, సామ్రాజ్యమ్మ.

ఎత్తుగా, నిటారుగా ఉన్న మనిషి. గంజి పెట్టిన నేత చీర, నడుముకి తాళాల గుత్తి. కనిగిరి వైపు ఒక ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్. ఆవిడ గదిలోకి అడుగుపెట్టగానే హిమజ తనకు తెలియకుండానే జడ సర్దుకుంది.

"దురదమ్మా," అంది సామ్రాజ్యమ్మ, కుర్చీలో కూర్చోకుండానే. "ఎక్కడని అడగబోకు. ఆడదానివి, నీకు తెలుసు. ఏళ్ల తరబడి ఉంది. రాయని పూత లేదు, మింగని బిళ్ల లేదు. నువ్వు కూడా ఒకటి రాసియ్యి, నా బస్సుకి టైమవుతోంది."

"చూడాలమ్మా."

"చూసేదేముంది? ఇంతమంది రాశారు, ఒక్కరూ చూడలేదు. చూడకుండానే రాయొచ్చు."

"నేను చూడకుండా రాయను."

ఇందుకు హిమజని మెచ్చుకోవాలి. మెచ్చుకుందాం. ఇకముందు మెచ్చుకునే అవకాశం కాసేపు రాదు.

సామ్రాజ్యమ్మ గొణుక్కుంటూ తాళాల గుత్తి తీసి దిండు పక్కన పెట్టి టేబులెక్కింది. హిమజ కర్టెన్ లాగి, లైటు వేసి, వంగింది.

"పైన బూజు దులిపించండి డాక్టరమ్మా," అంది సామ్రాజ్యమ్మ, పడుకుని కప్పు వైపు చూస్తూ. "మా హాస్టల్లో అయితే ఈపాటికి ఇద్దరికి చీవాట్లు పడేవి."

"ఊఁ," అంది హిమజ. ఆమె వినలేదు. ఆమె చూస్తోంది.

ఎర్రగా, ముఖమల్ గుడ్డలా ఒక మచ్చ. దాని మీద అక్కడక్కడా పిండి చల్లినట్టు తెల్లటి చారలు. చూడటానికి మామూలు తామరలాగే ఉంటుంది. అందుకే ఎవరు రాసినా పూతమందే రాస్తారు. కానీ తామరైతే ఇన్ని పూతలకి ఎప్పుడో తగ్గాలి. హిమజ కళ్ల ముందు పుస్తకం పేజీ రెపరెపలాడింది. చివరి అధ్యాయం. కుడివైపు పేజీ. కింద రంగుల బొమ్మ.

ఆమె గుండె గంతేసింది. నిజం చెప్పాలంటే, సంతోషంతో గంతేసింది.

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. జవాబు వచ్చింది. పేజెట్ జబ్బు. చర్మం పై పొరల్లో పాలిపోయిన పెద్ద పెద్ద కణాలు విడివిడిగా, జాతరలో తప్పిపోయిన వాళ్లలా చెల్లాచెదురుగా కూర్చుని ఉంటాయి. మామూలుగా రొమ్ము మీద వచ్చేది, చాలా చాలా అరుదుగా అక్కడ వస్తుంది. సాధారణంగా చర్మం పైపైనే ఉండిపోతుంది. సామ్రాజ్యమ్మకి మాత్రం ఒకచోట లోపలికి దిగటం మొదలుపెట్టింది. ఇప్పుడు కోసి తీసేస్తే బయటపడే అవకాశం చాలా ఎక్కువ. ఆలస్యం చేస్తే గజ్జల్లో ఉండే లింఫు బిళ్లలకి పాకుతుంది. ఆ తర్వాత దాని దారి దానిది.

హిమజ ఆ సంగతంతా దీవెనమ్మ గారికి ఒక్క గుక్కలో చెప్పింది.

దీవెనమ్మ గారు విని, "ఎంతవరకు పాకింది?" అంది.

హిమజ కొలత చెప్పింది. పొడవు, వెడల్పు, ఏ వైపు ఎంత, అన్నీ.

"ఇంకా చూడు," అంది ఆవిడ.

సామ్రాజ్యమ్మ జవాబు కోసం వచ్చిన రోజు హిమజ మొహం చిన్నబుచ్చుకుని, స్కేలు పట్టుకుని మళ్లీ కొలిచింది. అదే కొలత వచ్చింది.

*

ఆపరేషన్‌కి ముందు చెయ్యాల్సిన పరీక్షలు చాలా ఉన్నాయి. ఈ జబ్బు ఉన్నవాళ్లకి ఒక్కోసారి పేగులోనో, మూత్రాశయంలోనో, రొమ్ములోనో ఇంకో క్యాన్సర్ దాగి ఉంటుంది. అవన్నీ వెతకాలి. అందుకని సామ్రాజ్యమ్మని వార్డులో చేర్చుకున్నారు.

జబ్బు పేరు హిమజే చెప్పింది. మంచం పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, మెరిసే కళ్లతో చెప్పింది.

"లక్షల్లో ఒకరికి వస్తుందమ్మా ఇది!"

స్కూల్లో మొదటి బహుమతి వచ్చిందని చెప్పినట్టుగా ఉంది ఆ గొంతు.

"అన్ని లక్షల్లో ఏరుకుందా నన్ను," అంది సామ్రాజ్యమ్మ.

ఆ తర్వాత రెండు రోజులూ ఆకుపచ్చ కర్టెన్‌కి తీరిక లేదు. ముందు విక్టర్ వచ్చాడు. హిమజతోపాటే నేర్చుకుంటున్న కుర్రాడు, మంచివాడే, చెప్పులు టపటపలాడించుకుంటూ నడుస్తాడు. తర్వాత జూనియర్లు వచ్చారు. పక్క ఊరి కాలేజీ నుంచి చర్మం డాక్టర్లు వచ్చారు. కర్టెన్ సర్రున తెరుచుకునేది, మూసుకునేది, పూర్తిగా మూసుకోకుండానే మళ్లీ తెరుచుకునేది. హిమజ ముందు నిలబడి వేలితో చూపిస్తూ చెప్పేది. బాగా చెప్పేది కూడా. రావచ్చా అని ఎవరూ అడగలేదు. అడగాలని తోచలేదు. వాళ్లొచ్చింది జబ్బు దగ్గరికి, జబ్బుకి నోరుండదు కదా.

"ఒక ఫొటో తీసుకోవచ్చా అమ్మా?" అంది హిమజ. "మీ మొహం రాదు, భయపడకండి."

"మొహం రాదా?"

"అస్సలు రాదు."

"మరి అది నేనని ఎట్టా తెలుస్తది?"

హిమజ నవ్వింది. వార్డెన్ గారు జోకేశారనుకుంది.

మొదటి రోజు సామ్రాజ్యమ్మ వచ్చినవాళ్లందరినీ, "ఏ ఊరు నాయనా మీది?" అని అడిగింది. రెండో రోజు అడగలేదు. కప్పు వైపు చూస్తూ పడుకుంది.

మర్నాడు పొద్దున మంచం ఖాళీ. దుప్పటి నాలుగు మూలలూ కలిపి, ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి ఉంది. దాని మీద దిండు.

"మొదటి బస్సుకే వెళ్లిపోయిందమ్మా," అంది వార్డు నర్సు లూర్దు సిస్టర్. "పిల్లలకి పరీక్షలంట. ఆపరేషన్ వద్దని సంతకం పెట్టింది. ఎంత చెప్పినా వినలేదు."

హిమజ ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఈసారి మోగలేదు.

*

"చదువుకున్న మనిషే మేడమ్!" హిమజకి కోపంతో కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "లోపలికి దిగుతోందని చెప్పాను. బిళ్లలకి పాకితే మన చేతుల్లో ఉండదని కూడా చెప్పాను. అన్నీ అర్థమయ్యాయంది. అర్థమైతే ఎట్లా వెళ్లిపోతారు?"

దీవెనమ్మ గారు టీ కప్పు కింద పెట్టింది. "నీకు కావలసిన జబ్బు దొరికింది కదా అమ్మాయ్."

"దొరికింది మేడమ్."

"మనిషి ఏది?"



దీవెనమ్మ గారు లేచింది. మోకాళ్లు పట్టుకుని, నెమ్మదిగా. "ఆ పరీక్ష టేబులు కిరకిరమంటోందని సిస్టర్ అంటోంది. ఒకసారి ఎక్కి చూడు."

ఇది టేబుల్ గురించి మాట్లాడే సమయమా? అయినా గురువు గారి మాట. హిమజ చెప్పులు విడిచి ఎక్కింది.

"పడుకో."

పడుకుంది.

"కాళ్లు పైన పెట్టు. బరువు పడితేగా తెలిసేది."

హిమజ చుడీదార్ సర్దుకుని, పైన తెల్లకోటు లాక్కుని, రెండు కాళ్లూ అటూ ఇటూ ఉన్న ఇనప కొమ్ముల మీద పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, ఎడమ మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు.

దీవెనమ్మ గారు లైటు వేసింది. వెలుగు సూటిగా వచ్చి కాళ్ల మధ్య పడింది. ఆవిడ కర్టెన్ సగం తెరిచి, "విక్టర్, అందరినీ తీసుకురా నాయనా, ఈ లైటు సరిగా పడటం లేదేమో చూద్దాం," అంటూ బయటికి నడిచింది.

టపటపా చెప్పులు. ఒకరు కాదు, నలుగురైదుగురు. వాళ్లంతా వచ్చి కాళ్ల వైపు నిలబడ్డారు.

"ఇంకొంచెం కిందికి వంచాలి."

"బల్బు మార్చాలేమో."

"కదలకండి హిమజా, ఒక్క నిమిషం," అన్నాడు విక్టర్, లైటు వైపే చూస్తూ.

ఎవరికో ఫోన్ వచ్చింది. అక్కడే నిలబడి మాట్లాడుతున్నాడు, సాయంత్రం ఎక్కడో బిర్యానీ సంగతి. ఇంకెవరో చిన్నగా నవ్వారు. ఎందుకు నవ్వారో హిమజకి తెలియలేదు. బిర్యానీకే నవ్వి ఉంటారు. మేజోడుకి అయి ఉండదు. అయినా ఆమె బొటనవేలు దానంతటదే లోపలికి ముడుచుకుంది.

"ఏయ్, నేనిక్కడే ఉన్నాను," అని సరదాగా అందామనుకుంది. మామూలుగా అయితే అనేదే, నోరున్న పిల్ల. నోరు తెరిచింది. గొంతు రాలేదు. లేచి కూర్చుందామనుకుంది. కాళ్లు అట్లా పైనుంటే లేవటం ఎవరివల్లా కాదని ఆ రోజే తెలిసింది.

లైటు సంగతి తేలింది. చెప్పుల చప్పుళ్లు వెళ్లిపోయాయి. కర్టెన్ సగం తెరిచే ఉంది. వరండాలో ఎవరో నడుస్తున్నారు, ఆగారు, మళ్లీ నడిచారు. దీవెనమ్మ గారి అలికిడి లేదు.

చెయ్యడానికి ఏమీ లేక హిమజ పైకి చూసింది.

ఫ్యాను గొట్టం నుంచి మూల దూలం దాకా బూజు. బూడిద రంగులో, బారుగా, తాడులా పేనుకుని వేలాడుతోంది. ఫ్యాను తిరిగినప్పుడల్లా అది ఇటు వస్తోంది, అటు పోతోంది. దాని కొసన ఎప్పుడో చచ్చిన ఒక పురుగు. కొత్తగా పట్టింది కాదు. హిమజ ఈ ఊరు రాకముందు నుంచీ ఉండి ఉంటుంది.

ఏడాదిగా రోజూ ఈ గదిలోనే ఉంది తను. ఒక్కసారి కూడా చూడలేదు. ఈ గదిలో అందరూ కిందికే చూస్తారు. పైకి చూసేది ఒక్కరే.

*పైన బూజు దులిపించండి డాక్టరమ్మా.*

ఊఁ, అన్నది తను.

ఎంతసేపు గడిచిందో. కర్టెన్ అవతల మోకాళ్ల చప్పుడు, ఆ తర్వాత ఒక గొంతు.

"రావచ్చా అమ్మా?"

హిమజకి వెంటనే జవాబు చెప్పబుద్ధి కాలేదు. కళ్లు తుడుచుకుంది. ఆ గొంతు మళ్లీ అడగలేదు. అట్లాగే నిలబడింది.

"రండి మేడమ్."

దీవెనమ్మ గారు లోపలికి వచ్చి, ముందు లైటు ఆర్పింది. చెయ్యి అందించింది. "కిరకిరమందా?"

"లేదు మేడమ్."

"అయితే దిగు."

*

"బూజుకర్ర ఎక్కడుంది సిస్టర్?"

"మీకెందుకమ్మా, ఆయాతో చెప్పి దులిపిస్తాను."

"నాకివ్వండి."

లూర్దు సిస్టర్ ఆమె మొహం చూసి ఇంకేం అడక్కుండా తెచ్చిచ్చింది. హిమజ స్టూలెక్కి దులిపింది. దులపటం రాదు. బూజు సగం కర్రకి అంటుకుంది, సగం ఆమె జుట్టుకి. తుమ్ముతూ, కళ్లు నులుముకుంటూ ఉంటే స్టూలు ఊగటం ఆగింది. కిందికి చూస్తే దీవెనమ్మ గారు రెండు చేతులా స్టూలు పట్టుకుని, వేరే ఎటో చూస్తూ నిలబడి ఉంది.

ఆదివారం హిమజ కనిగిరి బస్సెక్కింది.

హాస్టల్ గేటు దగ్గర పిల్లల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నల సందడి. మధ్యలో సామ్రాజ్యమ్మ, నిలబడి, తాళాల గుత్తి ఊపుతూ అందరికీ ఆజ్ఞలు ఇస్తోంది. హిమజని చూసి గుత్తి ఊపటం ఆపింది.

"ఏందమ్మా ఇంత దూరం? ఫొటో సరిగా రాలేదా?"

దారి పొడుగునా హిమజ మంచి మంచి వాక్యాలు కూర్చుకుంటూ వచ్చింది. ఆపరేషన్ ఎందుకు చేయించుకోవాలో, చేయించుకోకపోతే ఏమవుతుందో. ఒక్కటీ నోటికి రాలేదు.

"బూజు దులిపానమ్మా," అంది.

సామ్రాజ్యమ్మ ఆమెని పైనుంచి కింది దాకా చూసింది, కొత్తగా చేరిన పిల్లని చూసినట్టు. "నువ్వా?"

"నేనే."

"అందుకా జుట్టు అట్టా ఉంది," అంది. "రా లోపలికి."

ఆవిడ గది చివర్లో ఉంది. చిన్నది, అద్దంలా ఉంది. మంచం, బీరువా, కిటికీ. ఒక కుర్చీ ఉంది గానీ దాని మీద చీరలు పేర్చి ఉన్నాయి. హిమజ కుర్చీ వైపు చూడటం సామ్రాజ్యమ్మ గమనించింది.

"కూర్చుంటే మంట. అందుకని దాన్ని బట్టలకిచ్చేశా." కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. "ఆదివారం ఆదివారం ఆ మెట్ల మీద కూర్చుని పిల్లలకి తలంటు నూనె రాసేదాన్నమ్మా. ఒక్కొక్కదాన్ని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని జడలెయ్యటం. ఇప్పుడు అట్టా కూర్చోలేను. వాళ్లనుకుంటారు, వార్డెనమ్మకి పొగరెక్కిందని. అనుకోనీ."

బయట పిల్లలు ఒకరికొకరు జడలు వేసుకుంటున్నారు.

"మా చెల్లెలింటికి పోవటం మానేశా. వాళ్లకి ఒకటే బాత్రూమ్. నేను పొద్దస్తమానం అందులోనే ఉంటే ఏం చెప్పను? గుడికి పోయినా గోడవారగా నిలబడతా. మా ఆయన పోయి చాలా కాలమైంది. ఈ వయసులో అక్కడ రోగమంటే లోకం ఏమంటదో నీకు తెలియదు, చిన్నదానివి."

ఎంతవరకు పాకిందని మేడమ్ అడిగినప్పుడు తను చెప్పిన అంకెలు హిమజకి ఎందుకో గుర్తొచ్చాయి.

"ఒకటి చెప్పనా?" సామ్రాజ్యమ్మ గొంతు తగ్గింది. హాస్టల్ మొత్తానికి వినపడే గొంతు, హిమజకే సరిగా వినపడలేదు. "రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే అనుకునేదాన్ని. ఇట్టాంటిదే ఇంకో ఊళ్లో ఇంకొకామెకి ఉండుంటది, ఆమె కూడా ఇట్టాగే ఎవరితో చెప్పుకోలేక నిలబడి ఉంటది అని. ఆమెకొక మొహం కూడా పెట్టుకున్నా. నవ్వబోకు. నువ్వొచ్చి లక్షల్లో ఒకరికి అన్నావు. అంటే ఆమె లేదన్నమాట."

హిమజ దగ్గర దీనికి కావలసినన్ని అంకెలున్నాయి. దేశం మొత్తం మీద ఇంతమంది, ప్రపంచం మొత్తం మీద అంతమంది. ఒక్కటీ బయటికి తియ్యలేదు. ఈసారి నిజంగా మెచ్చుకుందాం.

మధ్యాహ్నం ఒక పిల్ల రెండు కంచాలు తెచ్చిపెట్టింది. గోంగూర పప్పు, అన్నం. సామ్రాజ్యమ్మ కంచం తీసుకుని కిటికీ దగ్గర నిలబడే తినటం మొదలుపెట్టింది.

"నువ్వు మంచం మీద కూర్చో అమ్మా."

హిమజ కంచం తీసుకుని వెళ్లి కిటికీకి రెండో పక్కన నిలబడింది. ఇద్దరూ నిలబడే తిన్నారు. కంచం ఒక చేత్తో పట్టుకుని తినటం హిమజకి చాతకాలేదు. పప్పు కారి తెల్ల చున్నీ మీద పడింది.

"తిండి తినటం కూడా రాదు నీకు," అంది సామ్రాజ్యమ్మ, తన కొంగుతో తుడుస్తూ.

బస్సు దగ్గర దిగబెట్టటానికి గేటు దాకా వచ్చింది. చాలాసేపు రోడ్డు వైపు చూసింది.

"వస్తే నువ్వొక్కదానివే చూస్తావా?"

"నేనూ, మా మేడమూ. ఇంకెవరూ రారు."

"రమ్మంటేనా, రమ్మనకుండానా?"

"రమ్మంటేనే."

సామ్రాజ్యమ్మ వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు. బస్సు కదిలాక హిమజ వెనక్కి తిరిగి చూసింది. ఆవిడ గేటుకి తాళం వేస్తోంది.

*

వారం తిరగకముందే గంజి పెట్టిన నేత చీర ఒకటి ఆసుపత్రి వరండాలో, ఖాళీ బెంచీల పక్కన, నిలబడి ఉంది.

ఈ జబ్బుకి ఒక మాయ గుణముంది. కంటికి ఎర్రగా కనిపించే చోట అది ఆగదు. మామూలుగా కనిపించే చర్మం కిందుగా ఇంకా దూరం పాకి ఉంటుంది. అందుకని ఆపరేషన్‌కి ముందు ఎరుపు చుట్టూ, బాగున్నట్టు కనిపించే చోట్ల నుంచి కూడా, చిన్న చిన్న ముక్కలు తీసి చూస్తారు. అసలు అంచు ఎక్కడో అప్పుడు గానీ తెలియదు. ఆ పని ఈ రోజు హిమజది.

సామ్రాజ్యమ్మ లోపలికి వెళ్లింది. తాళాల గుత్తి దిండు పక్కన పెట్టిన చప్పుడు వినపడింది. హిమజ చేతులు కడుక్కుని వచ్చి కర్టెన్ ముందు నిలబడింది. పక్కన, స్టూలు మీద దీవెనమ్మ గారు.

"ఎంతవరకు పాకింది?" అంది ఆవిడ, మెల్లగా.

హిమజ నోరు తెరిచింది. పొడవు, వెడల్పు నాలిక చివరే ఉన్నాయి. మూసేసింది.

"ఇంకా చూడాలి మేడమ్."

దీవెనమ్మ గారు ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవటంలో కూడా తేడాలుంటాయని హిమజకి ఈ మధ్యే తెలుస్తోంది.

"రావచ్చా అమ్మా?"

జవాబు రాలేదు.

హిమజ నిలబడింది. వరండాలో జనం బారులు తీరి ఉన్నారు. గడియారం వైపు చూడలేదు. కాళ్ల కింద చీమలు లేవు.

"రా," అంది లోపలి నుంచి ఒక గొంతు, చాలాసేపటికి.

హిమజ తను పట్టేంత సందే తెరుచుకుని వెళ్లింది. సామ్రాజ్యమ్మ దుప్పటి గడ్డం దాకా లాక్కుని, కప్పు వైపు చూస్తోంది.

"ఫ్యాను రెక్క మీద మిగిలింది."

"ఎక్కడమ్మా?"

"అదుగో. అట్టా నిలబడితే కనపడదు. ఇటు రా."

హిమజ వంగింది. ఇంకా వంగి, తలదిండు మీద సామ్రాజ్యమ్మ తల పక్కన తన తల ఆనించి, పైకి చూసింది. మూడో రెక్క అంచున సన్నటి బూజు పోగు ఒకటి, నిజమే, వేలాడుతోంది.

"కనపడిందా?"

"కనపడింది."

ఇద్దరూ దాన్నే చూస్తున్నారు.

అప్పుడే టపటపా చెప్పుల చప్పుడుతో విక్టర్ వచ్చాడు. దీవెనమ్మ గారు లేచి, కర్టెన్‌లో మిగిలిన సందుని చేత్తో దగ్గరికి లాగి మూసింది.

"మొదలైందా మేడమ్?" అన్నాడతను, గొంతు తగ్గించి.

"ఆఁ."

అతను కర్టెన్ వైపు చూశాడు. "లోపల ఇంకా లైటు కూడా వెయ్యలేదుగా?"

"మొదలైంది," అంది దీవెనమ్మ గారు.